బంగారం గాలించే పాత పద్ధతులు: సైన్సు ప్రదర్శనకు దేని నమూనా చేయాలి?

విశాఖ బడుల్లో సైన్సు ప్రదర్శనకు బంగారు వేట మీద నమూనా చేద్దామనుకున్న జట్లు దాదాపు అన్నీ ఒకే దారి పడతాయి. ఒక స్టీలు పళ్ళెం, బకెట్టు నీళ్ళు, నాలుగు దోసిళ్ళ ఇసుక, వెనక గోడకు కాలిఫోర్నియా పటం. చేసేవాళ్ళకు సులువు, చూసేవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. కానీ 1848లో అక్కడ బంగారం బయటపడ్డాక చేరిన వేలాది మందికి కూలి గిట్టించిన సాధనం పళ్ళెం కాదన్న సంగతి ఆ బల్ల దగ్గర ఎవరికీ తెలియకుండా పోతుంది. చరిత్రలో అంత ఆసక్తికరమైన ముక్క అలా జారిపోతుంటే నాకు బాధగా ఉంటుంది. అందుకే ఈ సలహా రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. మీకు దొరికింది లోపలి గదిలో ఒక బల్ల, కొళాయి దూరం, ఇద్దరు ముగ్గురు పిల్లలు ఉన్నారు అంటే ఊయల తొట్టి, అంటే ఊపుతూ మట్టి కడిగే చెక్కపెట్టె, చేయండి. ఆరుబయట చోటు, గొట్టంతో నీళ్ళు పట్టుకునే వీలు ఉంటే వాలు కాలువ, అంటే పారే నీటితో మట్టి కడిగే ఏటవాలు చెక్క కాలువ, చేయండి. ఒక్కరే పాల్గొంటున్నారా, అప్పుడు పళ్ళెమే సరి. బంగారం రాబట్టడానికి వాడే పాదరసం, సైనైడ్ మాత్రం చార్టు దాటి బల్ల మీదికి రాకూడదు. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు వీటన్నిటి వెనక ఉన్న సూత్రం. బంగారం సాంద్రత నీటికి 19.3 రెట్లు. మామూలు ఇసుకలో ఎక్కువ భాగమైన క్వార్ట్జ్‌ది 2.65. అంటే ఒకే పరిమాణంలో ఉన్న రేణువులను తీసుకుంటే బంగారం ఏడు రెట్లకు పైగా బరువు. నీళ్ళలో మునిగితే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. రెండింటి నుంచీ నీటి సాంద్రత ఒకటి తీసేస్తే 18.3 ఒకవైపు, 1.65 ఇంకోవైపు మిగులుతాయి. ఏడు రెట్లున్నది పదకొండు రెట్లయింది. ఈ చిన్న లెక్క మీ చార్టులో తప్పక ఉండాలి. పాతకాలపు అన్వేషకులు నీళ్ళ కోసం మైళ్ళ దూరం కాలువలు తవ్వింది ఈ తేడా కోసమే.

మన వంటింట్లో బియ్యం గాలించేటప్పుడు జరిగేది కూడా ఇదే. నీళ్ళలో గిన్నెను ఊపుతుంటే బియ్యం పైకి తేలి పక్క గిన్నెలోకి జారతాయి, రాళ్ళు అడుగున మిగులుతాయి. పళ్ళెంతో బంగారం వెతికేవాడు ఉంచుకునేది ఆ అడుగునే.

పళ్ళెం

కాలిఫోర్నియాకు పళ్ళెం కొత్తదేమీ కాదు. మెక్సికో, దక్షిణ అమెరికా గని పనివాళ్ళ చేతుల్లో బతేయా అనే చెక్క గిన్నె అంతకుముందే ఉంది. 1848 జనవరి 24న కొలోమాలో, సట్టర్ అనే భూస్వామి కోసం కడుతున్న రంపపు మిల్లు కాలువలో జేమ్స్ మార్షల్‌కు బంగారం కనిపించాక ఎగబడి వచ్చినవాళ్ళలో చాలామంది ఇనుప పళ్ళెంతోనే మొదలుపెట్టారు. చవక, తేలిక, ఎక్కడికైనా మోసుకుపోవచ్చు.

ఇబ్బంది వేగం దగ్గర వస్తుంది. చేయి తిరిగిన మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడుము వంచి, చన్నీళ్ళలో కూర్చుని కడిగినా రోజుకు ఒక ఘన గజం గులకమట్టి దాటడం కష్టం. కూలి గిట్టాలంటే ఆ మట్టిలో బంగారం బాగా ఉండాలి. అంత చిక్కటి మట్టి ఎక్కువ కాలం నిలవలేదు. అందుకని పళ్ళేనికి మిగిలిన అసలు పని పరీక్ష: ఈ ఒడ్డున ఉందా, ఆ మలుపులో ఉందా, ఎంత లోతున ఉంది? జాడ దొరికాక తవ్వకం వేరే సాధనంతో సాగేది. చివరలో, ఊయల తొట్టి అడుగున బంగారంతో పాటు పేరుకున్న నల్ల ఇసుకను (బరువైన ఖనిజాల రేణువులను) శుభ్రం చేయడానికి పళ్ళెం మళ్ళీ చేతిలోకి వచ్చేది. ఈ రెండు పనులకూ నేటికీ దానికి సాటి లేదు.

మీరు పళ్ళెమే ఎంచుకుంటే రెండు జాగ్రత్తలు. మెరిసే స్టీలు పళ్ళెం వద్దు. ముదురు రంగు ప్లాస్టిక్ పళ్ళెం లేదా పాత ఇనుప మూకుడు తీసుకోండి, పసుపు రేణువు అప్పుడే కంటికి ఆనుతుంది. రెండోది జిడ్డు. నూనె అంటిన సన్నటి లోహపు రేణువు ఎంత బరువైనదైనా నీటి ఉపరితలం మీద తేలిపోగలదు. పాత అన్వేషకులు కొత్త పళ్ళేన్ని నిప్పుల మీద కాల్చి జిడ్డు పోగొట్టేవారు. ఆ కాల్పుతో పళ్ళెం నల్లబడేది కూడా, రెండు పనులూ ఒకేసారి తీరేవి. మీకు నిప్పు అక్కర్లేదు, సబ్బునీళ్ళు చాలు.

ఊయల తొట్టి

ఇంగ్లీషులో దీన్ని రాకర్ అనీ క్రేడిల్ అనీ అంటారు. నా ఓటు దీనికే, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

ఆకారం చూడండి. ఒక చివర తెరిచి ఉన్న చెక్క పెట్టె, దాని కింద వంపు తిరిగిన రెండు చెక్కలు. పెట్టె పైన వెనక భాగాన రంధ్రాల రేకు బిగించిన చిన్న తొట్టి. గులకమట్టిని అందులో వేసి, ఒక చేత్తో నీళ్ళు పోస్తూ రెండో చేత్తో పెట్టెను పక్కలకు ఊపుతారు. పెద్ద రాళ్ళు పైనే ఆగిపోతాయి, వాటిని చూసి పారేస్తారు. రంధ్రాల నుంచి దిగిన సన్నటి మట్టి నేరుగా అడుగుకు పోదు. మధ్యలో వెనక్కి వాలుగా బిగించిన గుడ్డ ఒకటుంటుంది. మట్టి దాని మీద పడి, వెనక్కి జారి, అప్పుడు అడుగుకు చేరి ముందుకు ప్రవహిస్తుంది. గుడ్డ వల్ల రెండు లాభాలు. సన్నటి బంగారంలో కొంత దాని నేతలోనే చిక్కుకుంటుంది. మిగిలినది పెట్టె నిడివి అంతా ప్రయాణించాలి కనుక అడుగునున్న అడ్డపట్టీల వెనక ఆగే అవకాశం పెరుగుతుంది. ఊపడం వల్ల ఇసుక గట్టిపడకుండా కదులుతూ ఉంటుంది, బరువైనవి కిందికి దిగుతాయి.

ఇద్దరు మనుషులు రోజంతా పనిచేస్తే మూడు నుంచి ఐదు ఘన గజాల మట్టి కడగగలిగేవారు. పళ్ళెంతో పోల్చితే మనిషికి కనీసం ఒకటిన్నర రెట్లు. అంతకంటే ముఖ్యం, దీనికి ప్రవహించే ఏరు అక్కర్లేదు. బకెట్టుతో మోసుకొచ్చిన నీళ్ళు చాలు, కింద పట్టి తేరనిచ్చి మళ్ళీ పోసుకోవచ్చు. ఏటికి దూరంగా, ఎండిన వాగుల్లో పనిచేసినవాళ్ళకు ఇది ప్రాణం పోసింది.

జార్జియా గనుల్లో అనుభవమున్న ఐజాక్ హంఫ్రీ 1848లోనే కొలోమాలో ఊయల తొట్టి కట్టి చూపించాడు. అక్కడి నుంచి ఆ పనితనం సముద్రం దాటింది. కాలిఫోర్నియా వెళ్ళి తిరిగొచ్చిన ఎడ్వర్డ్ హార్‌గ్రేవ్స్ 1851లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో తన వెంట ఉన్న యువకులకు దాన్ని ఎలా కట్టాలో నేర్పాడు. వాళ్ళు ఓఫిర్ దగ్గర ఆ తొట్టితోనే గిట్టుబాటయ్యే బంగారం తీశారు. పేరు, బహుమానం మాత్రం ఎక్కువగా హార్‌గ్రేవ్స్‌కే దక్కాయి. ఆ యువకులు తమ వంతు గుర్తింపు కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. మీ చార్టులో వాళ్ళకూ చోటివ్వండి: జాన్ లిస్టర్, టామ్ సోదరులు.

దీని బలహీనతలు కూడా దాచకూడదు. బాగా సన్నటి, రేకులాంటి బంగారం నీళ్ళతో పాటు కొట్టుకుపోతుంది. జిగట మట్టి వేస్తే రంధ్రాలు మూసుకుపోతాయి, ఉండలు కట్టిన మట్టి తన వెంట బంగారాన్ని కూడా దొర్లించుకుపోతుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో ఇలాంటి మట్టి తగిలినప్పుడు గుండ్రటి కందకంలో నీళ్ళతో కలిపి, గుర్రంతో లాగించే పళ్ళచట్రంతో మెదిపి, జిగట పోయాకే కడిగేవారు. మన చుట్టుపక్కల ఎర్రమట్టి వాడదామనుకుంటే మీరూ ఒక రాత్రి నానబెట్టి, పైనీళ్ళు రెండు మూడుసార్లు వంచేసి వాడండి. ఒక మాట: భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు రక్షిత భూవారసత్వ స్థలం. అక్కడి నుంచి గుప్పెడు కూడా తేవద్దు.

బల్ల మీది నమూనాకు రెండడుగుల ప్లైవుడ్ పెట్టె సరిపోతుంది. పాత నూనె డబ్బా రేకుకు మేకుతో దగ్గర దగ్గరగా రంధ్రాలు చేసి పైతొట్టి అడుగుకు బిగించండి, అంచులు చేతులు కోయకుండా మడవండి. గుడ్డకు పాత దుప్పటి ముక్క మేలు, నునుపైన నైలాన్ పనికిరాదు. అడుగున అరంగుళం ఎత్తు పట్టీలు మూడు, పెట్టె మొత్తానికి రెండంగుళాల వాలు. ముందు ఒక టబ్బు, అందులోంచే మగ్గుతో నీళ్ళు తీసి మళ్ళీ పోయండి. ఊపు మెల్లగా కాకుండా చిన్న కుదుపుతో ఉండాలి, లేకపోతే ఇసుక పట్టీల మధ్య పేరుకుపోయి పైనున్నదంతా దాని మీదుగా జారిపోతుంది.

వాలు కాలువ, దాని పెద్దన్నలు

లాంగ్ టామ్ అనే పన్నెండడుగుల తొట్టి ఊయల తొట్టికీ కాలువకూ మధ్య మెట్టు. ఊపే పని ఉండదు, పారే నీరే ఆ పని చేస్తుంది. నలుగురైదుగురు పారలతో మట్టి వేస్తూ ఉండాలి. బడి నమూనాకు దీన్ని వదిలేయండి. ఊయల తొట్టిలోని సౌలభ్యం గానీ కాలువలోని సామర్థ్యం గానీ ఇందులో పూర్తిగా కనిపించవు.

స్లూయిస్ అనే వాలు కాలువ మాత్రం ఆలోచించదగినది. పన్నెండడుగుల చెక్క పెట్టెలను ఒకదాని కొసన ఒకటి చేర్చి, ఒక్కో పెట్టెకు ఆరు నుంచి పన్నెండు అంగుళాల వాలు ఇచ్చి, అడుగున అడ్డపట్టీలు పరిచేవారు. నీరు ఆగకుండా పారుతుంటే మట్టి వేస్తూ పోవడమే. కొన్ని రోజులకొకసారి నీరు ఆపి, పట్టీలు తీసి, అడుగున చేరినదాన్ని కడిగేవారు. మనుషులు ఎక్కువగా, నీరు నిలకడగా ఉన్న చోట మిగిలిన పద్ధతులేవీ దీని ముందు నిలబడలేదు. నీరు లేకపోతే ఇది ఉత్త చెక్కపెట్టె. కెనడాలోని క్లోండైక్‌లో 1896 తర్వాత జరిగింది చూడండి. చలికాలమంతా నిప్పులు పెట్టి గడ్డకట్టిన నేలను కరిగిస్తూ, తవ్వి, గుట్టలు పోసుకుని, వసంతంలో మంచు కరిగి నీరు పారేదాకా ఎదురుచూసేవారు. తమ గుట్టలో ఎంతుందో అప్పుడే తేలేది.

అడుగున పట్టీలే ఉండాలని లేదు. నల్లసముద్రపు తూర్పు తీరంలోని కొల్చిస్‌లో కొండవాగులు తెచ్చే బంగారాన్ని రంధ్రాల తొట్లతో, గొర్రె ఉన్నితో పట్టేవారని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. బంగారు ఉన్ని కథ అక్కడే పుట్టిందని కూడా ఆయన అభిప్రాయం. సన్నటి రేణువులకు ఉన్ని, కంబళి పట్టీలకంటే మెరుగు. ముతక రేణువులకు పట్టీలు మెరుగు. మీ కాలువను సగం పట్టీలతో, సగం పాత కంబళితో చేసి ఏ సైజు ముక్క ఎక్కడ ఆగిందో చూపిస్తే ఆ బల్ల దగ్గర పెద్దవాళ్ళు కూడా ఆగుతారు. నాకు అన్నిటికంటే నచ్చే ప్రయోగం ఇదే. గొట్టం నీళ్ళు, ఆరుబయలు దొరికితే ఊయల తొట్టిని పక్కనపెట్టి దీన్నే చేయమంటాను.

కాలువకు పెద్దన్న కొండనే కూల్చే నీటి ఫిరంగి. 1853లో ఎడ్వర్డ్ మాటెసన్ కాలిఫోర్నియాలోని నెవాడా సిటీ దగ్గర గొట్టంతో నీటిధార కొట్టి గులకకొండను కరిగించాడు. తక్కువ మనుషులతో ఎక్కువ మట్టి కదిలింది. ఆ మట్టి అంతా యూబా నదిలోకి, అక్కడి నుంచి శాక్రమెంటో లోయలోకి చేరి నదుల అడుగు పెరిగి, ఊళ్ళు, పొలాలు మునిగాయి. రైతులు కోర్టుకెక్కారు. 1884లో న్యాయమూర్తి సాయర్ తీర్పుతో చెత్తమట్టిని నదుల్లోకి వదలడం ఆగింది, దాంతో ఆ పద్ధతే దాదాపు ఆగిపోయింది. దీని నమూనా చేస్తే దిగువన ఒక చిన్న ఊరు, పొలం కూడా పెట్టి అవి ఎలా పూడిపోతాయో చూపించాలి. అది లేకుండా కొండ కూలే దృశ్యం ఒక్కటే చూపించడం నాకు సమ్మతం కాదు.

నీళ్ళే లేని చోట

పశ్చిమ ఆస్ట్రేలియాలో 1893లో కల్గూర్లీ దగ్గర బంగారం దొరికినప్పుడు తాగడానికే నీళ్ళు కొనుక్కోవాల్సిన పరిస్థితి. అక్కడ మట్టిని గాలికి తూర్పారబట్టారు. తేలిక దుమ్ము ఎగిరిపోయేది, బరువైనది కింద పడేది. పెర్త్ దగ్గరి ముండేరింగ్ నుంచి 500 కిలోమీటర్లకు పైగా సాగే పైపులైను 1903లో వచ్చేదాకా నీళ్ళ కరవు తీరలేదు. గాలిలో బరువుల తేడా ఏడు రెట్లే కాబట్టి నష్టం ఎక్కువ, మట్టి పూర్తిగా పొడిగా లేకపోతే పద్ధతే పనిచేయదు. సముద్రపు తేమ నిండిన విశాఖ గాలిలో ఇది మొండికేస్తుంది. పైగా ఇసుక దుమ్ము ఊపిరితిత్తులకు చెడు. చార్టులో ఒక బొమ్మ చాలు.

పాదరసం, సైనైడ్

రాతిలో చిక్కుకున్న బంగారానికి గాలించడం చాలదు. రాయిని పొడి చేయాలి, ఆపైన రేణువులను పట్టుకోవాలి. పాదరసం బంగారంతో కలిసి మెత్తటి ముద్ద అవుతుంది. ఆ ముద్దను తోలుగుడ్డలో పిండి, వేడి చేస్తే పాదరసం ఆవిరై బంగారం మిగులుతుంది. ఆ ఆవిరే విషం. కాలిఫోర్నియా కాలువల అడుగున పోసిన పాదరసం నదుల్లోకి కొట్టుకుపోయి నేటికీ శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతపు చేపల్లో కనిపిస్తోంది. 2013లో దేశాలు సంతకాలు చేసిన మినమాటా ఒప్పందం చిన్న బంగారు గనుల్లో దీని వాడకాన్ని తగ్గించాలని, వీలైన చోట పూర్తిగా మానాలని చెబుతోంది. పగిలిన థర్మామీటరులోని చుక్కతోనైనా సరే, ఈ ప్రయోగం చేయనివ్వకండి.

సైనైడ్ పద్ధతిని 1887లో గ్లాస్గోలో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు రూపొందించారు. పలుచటి సైనైడ్ ద్రావణం, గాలిలోని ఆక్సిజన్ కలిసి బంగారాన్ని కరిగిస్తాయి, జింకు చెక్కుతో దాన్ని తిరిగి రాబడతారు. పాదరసానికి అందని సన్నటి బంగారం కూడా దీనికి దొరికింది. మనకు దగ్గరి ఉదాహరణ కోలార్. 1880లో జాన్ టేలర్ కంపెనీ చేతికి వచ్చి, మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, 2001లో మూతబడిన ఆ గనుల్లో తమిళులతో పాటు చిత్తూరు సీమ తెలుగు కార్మికులూ తరాలుగా పనిచేశారు. ఊరి చుట్టూ ఉన్న సైనైడ్ మట్టిదిబ్బలు ఆ పద్ధతి మిగిల్చినవే. చార్టులో కోలార్ ఫొటో పక్కన శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి, కర్నూలు జిల్లా జొన్నగిరి పేర్లు కూడా రాయండి. బంగారు రాళ్ళు మన రాష్ట్రంలోనూ ఉన్నాయని పిల్లలకు తెలియాలి.

విశాఖలో సరుకు ఎక్కడ, ఎలా

బంగారం బదులు ఇత్తడి వాడండి. గాజువాక ఆటోనగర్ లాంటి చోట లేత్ పని చేసేవాళ్ళ దగ్గర ఇత్తడి తునకలు ఉంటాయి, అడిగితే గుప్పెడు ఇస్తారు. సబ్బుతో బాగా కడగండి, ఆ నూనె జిడ్డే మీ మొదటి శత్రువు. అంచులు పదునుగా ఉంటాయి కనుక చిన్నపిల్లలకు చేతితొడుగులు తప్పనిసరి. వలలకు కట్టే సీసపు గుళ్ళు ఫిషింగ్ హార్బర్ దగ్గర సులువుగా దొరుకుతాయి, సీసం సాంద్రత 11.3 కూడా, కానీ పిల్లల చేతుల్లో సీసం వద్దు. ఇత్తడి సాంద్రత 8.5 ప్రాంతం. నీళ్ళలో ఇసుకకంటే నాలుగున్నర రెట్లే బరువు. అంటే మీ నమూనాలో కొట్టుకుపోయే ముక్కలు నిజమైన బంగారం విషయంలో కంటే ఎక్కువ ఉంటాయి. ఈ సంగతి చార్టులో రాసి పెడితే న్యాయనిర్ణేతలు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఇసుకకు ఇంటి నిర్మాణాల దగ్గరి నది ఇసుక చాలు, అయిదారు మిల్లీమీటర్ల జల్లెడ పట్టండి. ఆర్‌కే బీచ్ నుంచి భీమిలి దాకా అలల అంచున కనిపించే నల్ల, ఎర్ర చారలు చూసి ఆశపడకండి. అవి ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలు, మన తూర్పు కనుమల ఖోండలైట్ రాళ్ళు అరిగి వచ్చినవి. అలలు తేలిక ఇసుకను లాక్కుపోయి వీటిని ఒడ్డున వదులుతాయి, మనిషి చేయి పడకుండా జరిగే గాలింపు అది. తుఫాను తర్వాత పిల్లలను తీసుకెళ్ళి, ఒక అయస్కాంతం ఇచ్చి అక్కడే చూపించండి. అణు ఖనిజాల, తీరప్రాంత నిబంధనలు ఉన్న ఇసుక అది, సంచుల్లో ఇంటికి తేకూడదు.

నది ఇసుక కడిగాక మీ పళ్ళెంలోనూ కాస్త నల్ల ఇసుక మిగులుతుంది. అందులోని మాగ్నటైట్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టిన అయస్కాంతంతో తీసేయండి, ఇత్తడి అలాగే ఉంటుంది.

మూడు పద్ధతుల్లో రెండైనా పక్కపక్కన పెట్టగలిగితే పోలిక నిజంగా తెలుస్తుంది. ఒకే రకం ఇసుక రెండు సమాన బకెట్లు తీసుకోండి. ఒక్కోదానిలో లెక్కపెట్టిన యాభై ఇత్తడి ముక్కలు, సగం ముతకవి సగం సన్నవి, కలపండి. ఒక బకెట్టు పళ్ళెంతో, ఇంకోటి ఊయల తొట్టితో కడిగి మూడు అంకెలు రాయండి: పట్టిన సమయం, వాడిన నీళ్ళు, తిరిగి దొరికిన ముక్కలు. పళ్ళెం చాలాసార్లు ముక్కల లెక్కలో గెలుస్తుంది, సమయంలో ఓడిపోతుంది. పాతకాలపు అన్వేషకుడు ముక్కల లెక్కకంటే సమయాన్నే ఎందుకు ఎంచుకున్నాడో వచ్చినవాళ్ళనే చెప్పమనండి.

పని అయ్యాక టబ్బులో తేరిన ఇసుకను బడి సింకులో పోయకండి, గొట్టం పూడుతుంది. నీళ్ళు మొక్కలకు పోసి, ఇసుకను ఆరబెట్టి, తెచ్చిన గుట్ట మీదే తిరిగి వేయండి. ఇత్తడి తునకలు మరుసటి ఏడాదికి సీసాలో దాచుకోవచ్చు.